నూకరత్నం చిత్తుపత్రం

"నమస్కారం. దయచేసి మీ పేరు చెప్పండి," అంది వీధి తలుపు.

నూకరత్నం గుమ్మం ముందు కొయ్యబారిపోయింది. తెల్లవారగానే రేవు దాకా వెళ్లి, గోదావరి ఎంత తీసిందో, ఇసుక ఎక్కడ మేట వేసిందో చూసి రావడం ఆవిడకు ముప్పై ఏళ్ల అలవాటు. ఇన్నేళ్లలో ఏనాడూ సొంత ఇంటి తలుపు ఆవిడను నిలబెట్టి పేరు అడగలేదు.

"నా పేరు నీకు చెప్పాలా? నిన్ను బిగించింది నేనే!"

"క్షమించండి. పేరు మరొక్కసారి స్పష్టంగా చెప్పండి," అంది తలుపు, మర్యాద ఏమాత్రం తగ్గించకుండా.

కోడలు హిమజ వంటింట్లోంచి పరుగున వచ్చి తలుపు తీసింది. లోపల ఇంకా విడ్డూరంగా ఉంది. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ కోసం ఎప్పుడూ జానెడు ఎత్తు లేచి ఉండే కుర్చీ నేలకు దిగిపోయింది. పొయ్యి ఆవిడ వేలు తగలగానే మంట తగ్గించేసి, నూనె తక్కువ వాడమని సలహా ఇచ్చింది. రోజూ నీటి మట్టం చదివే వార్తాపలక, అరవై ఒకటో ఏట ఉన్న ఆ మనిషికి, పెళ్లి సంబంధాలు చదవడం మొదలుపెట్టింది.

"దీనికేం పొయ్యేకాలం!" అంది నూకరత్నం. హిమజ నవ్వలేదు. నిన్న తను చేసిన పని ఆమెకు అప్పటికే గుర్తొచ్చింది.

ఆ కాలంలో ప్రతి మనిషికీ ఒక సంపుటి ఉండేది. బారసాల నాడు పేరు పెట్టగానే సంపుటి కూడా తెరిచేవారు. మనిషి ఏ వస్తువును తాకితే ఆ వస్తువు ఆ సంపుటి చదువుకుని, తనను తాను ఆ మనిషికి తగినట్టు సర్దుకునేది. సంపుటిలో పైకి కనిపించేవి ఫొటోలు, ఉత్తరాలు, సర్టిఫికెట్లు. కనిపించనివి వేరే ఉండేవి. ప్రభుత్వం వాటికి అదృశ్యపత్రాలని పేరు పెట్టింది. దాచినవి చూపించమని అడిగితే తప్ప పలక మీదికి రావు. వచ్చినా పలచగా, బూడిద రంగులో, నోరు తిరగని పేర్లతో ఉంటాయి.

అందుకే గోదావరి మధ్య ఉన్న గువ్వలలంకలో ఆడవాళ్లు వాటికి బూజు అని పేరు పెట్టేశారు. ఉగాదికి ముందు ఇల్లు దులుపుతూ, పనిలో పనిగా సంపుటిలో బూజు కూడా దులపడం ఆ లంకలో పదేళ్లుగా ఆనవాయితీ అయింది. దులిపాక వారం పది రోజులు కుర్చీలూ పొయ్యిలూ మొద్దుబారేవి. కొత్త సంవత్సరం గదా, కుదురుకుంటాయిలే అని సరిపెట్టుకునేవారు. నిజంగానే కుదురుకునేవి. ఎవరికీ అనుమానం రాలేదు.

నూకరత్నం మాత్రం తన సంపుటి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. నిన్న మధ్యాహ్నం ఆవిడ జనాన్ని ఏరు దాటించే తన పంటు మీద ఉండగా, హిమజ మంచి చేద్దామనే దులిపింది. ఇవి దాచిన పత్రాలు, తీసేయమంటారా అని పలక మూడుసార్లు అడిగింది. అటక మీద బూజుకర్ర ఆడిస్తూనే ఆమె మూడుసార్లూ అవునంది. పొద్దున చదువుకున్నది వస్తువులకు ఆ రోజంతా గుర్తుంటుంది గనుక, రాత్రి దాకా ఎవరికీ తేడా తెలియలేదు.

"అత్తయ్యా, ఊతచేయి తొడుగుతాను, రండి," అంది హిమజ ఇప్పుడు.

నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి నూకరత్నం కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి ఆవిడ ఊతచేయి అనే గుడ్డ తొడుగుతోనే పంటు నడుపుతోంది. భుజం నుంచి వేళ్ల దాకా ఉండే ఆ తొడుగు, ఆవిడ చెయ్యి మొదలుపెట్టి ఆపేసిన ప్రతి కదలికనూ పూర్తిచేసేది. ఎలా పూర్తిచేయాలో సంపుటి చెప్పేది. హిమజ తొడుగు ఎక్కించి చుక్కాని పట్టుకోమంది. చెయ్యి గాల్లోకి లేచి, ఎడమచేతిని వెతుక్కుని, చక్కగా నమస్కారం పెట్టింది. ఎంత లాగినా విడిపోలేదు.

"నేనే అత్తయ్యా," అంది హిమజ, ఏడుపు ఆపుకోలేక. "నిన్న మీ సంపుటి బూజు దులిపాను."

నూకరత్నం అరుస్తుందనుకుంది. ఆవిడ అరవలేదు. నమస్కారం పెట్టిన చేతులతోనే పొట్టి కుర్చీలో కూలబడింది. మర్నాడు పది గంటలకు నదీ రవాణా సంస్థ వాళ్ల వార్షిక పరీక్ష ఉంది. పంటు నడిపే సరంగు దాన్ని జనంతో నింపి అవతలి ఒడ్డుకు చేర్చి, రేవుకు ఒరిపిడి లేకుండా ఆనించాలి. తప్పితే లైసెన్సు రద్దవుతుంది. గోదావరి మీద మిగిలిన రేవులన్నింటికీ మనిషి లేకుండా నడిచే తానునడక పంట్లు వచ్చేశాయి. మేటలు రోజుకోచోటికి జరిగే ఈ ఒక్క రేవు దగ్గరే అవి ఇసుకలో కూరుకుపోతున్నాయని మనిషి సరంగును ఉంచారు. ఆ మనిషి తప్పుకుంటే చాలని సంస్థ చూస్తోంది.

"చెయ్యి పడిపోయిందని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఏడవలేదే నేను," అంది నూకరత్నం. "ఇప్పుడు ఏడుపొచ్చేలా ఉంది. నువ్వు కాసేపు అవతలికి పో."

హిమజ అవతలికి పోలేదు. ఆవిడ చేతులు రెండూ మెల్లగా విడదీసి, తొడుగు తీసి సంచిలో పెట్టింది. ఆమె భర్త సముద్రం మీది గాలిమరల మరమ్మతుకు వెళ్లాడు, పది రోజుల దాకా రాడు. ఏం చేసినా తనే చేయాలి. ఆ పూటకు సంస్థ పంపిన తానునడక పంటు ఎక్కించి, అత్తగారిని అవతలి ఒడ్డున కోటిపాడు సంపుటి కేంద్రానికి తీసుకెళ్లింది. ఆ పంటు దారిలో రెండుసార్లు ఇసుకలో ఆగింది. ఆగిన ప్రతిసారీ నూకరత్నం మొహం తిప్పేసుకుంది.

కేంద్రంలో ఉన్న ఉద్యోగి పేరు వరహాలరావు. రిటైరవడానికి ఆరు నెలలుంది. ఎవరైనా సందేహం అడిగితే చాలు, ఆయనకు ఆ పూట పండగే. సంగతంతా విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆయ్, మీరూ బూజే అన్నారన్నమాట! బూజేంటమ్మా? దాచినవంటే పనికిమాలినవని ఎవరు చెప్పారు? కత్తిపీట గోడవారగా ఎందుకు పెడతారు మీరు?"

"ఎవరి కాలికీ తగలకుండా."

"ఇదీ అంతే గదండీ. చెయ్యి పడకూడదని పక్కన పెట్టారు, అంతకంటే రహస్యమేం లేదు. ఇందులో చిన్న చిన్న చీటీలుంటాయి, ఏ గది ఎలా కనపడాలని రాసుకున్నవి. అవి పోతే మళ్లీ పుడతాయి. అసలైంది సాపుపత్రం. కుర్చీ ఎంత ఎత్తుండాలి, మీ చెయ్యి ఎటు వంగుతుంది, అన్నీ అందులోనే. అది లేకపోతే యంత్రం ఊరుకోదు, సగటు మనిషి నమూనా ఒకటి తెచ్చి మీ పేరు తగిలించేస్తుంది. పొద్దున్నుంచీ మీ అత్తగారు ఆ సగటు మనిషేనండి."

"నేనా!" అంది నూకరత్నం. ఉదయం నుంచి ఆవిడకు తగిలిన దెబ్బలన్నింటిలోకీ అదే గట్టిగా తగిలినట్టుంది.

"సాపుపత్రం నకలు మా దగ్గర ఉంటుందమ్మా, కంగారుపడకండి," అంటూ వరహాలరావు తెర మీద వెతికాడు. వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయాడు. "ఇదేంటి, నాలుగేళ్ల కిందటిది! ఆ తర్వాత మీరు ముగింపు అననే లేదా?"

"ముగింపంటే?"

"రోజూ జరిగిన మార్పులు ముందు చిత్తుపత్రంలో పడతాయండి. పనయ్యాక మీరు 'ముగింపు' అంటే, అప్పుడు చిత్తులోది సాపులోకి ఎక్కుతుంది. సాపుకే నకలు తీస్తాం. చిత్తుకు తీయం."

"సరంగు నోట ఆ మాట రాదండి," అంది నూకరత్నం. "మేం ఆఖరి ట్రిప్పని కూడా అనం. మళ్లీ వస్తాం అంటాం. ఆసుపత్రిలో నాకు స్పృహ లేనప్పుడు ఎవరో అనుంటారు."

వరహాలరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే ఆ నకలులో ఉన్నది పక్షవాతానికి ముందటి చెయ్యి. అయినా దాన్ని ఒక్క తొడుగులోకి ఎక్కించి, ఆవిడ చేతికి వేసి చూశాడు. ఊతచేయి కదలకుండా ఎదురుచూసింది. బలమైన చెయ్యి తోస్తుందని దాని నమ్మకం. ఆ తోపు రాలేదు. పడిపోయిన చేతితో చుక్కాని పట్టడం నేర్చుకున్న నాలుగేళ్లూ చిత్తులోనే ఉన్నాయి. ఆ చిత్తు నిన్న మధ్యాహ్నం పోయింది.

"కొత్తగా నేర్చుకోవాలంటే ఎన్నాళ్లు పడుతుందండీ?" అంది హిమజ.

"ఆరు నెలలు."

నూకరత్నం లేచి నిలబడింది. "పదవే, పోదాం. పరీక్షకు రానని చెప్పేస్తాను. నలుగురిలో నమస్కారం పెట్టి నిలబడలేను."

హిమజ కదల్లేదు. తన చేతులతో తుడిచేసిన దాన్ని అక్కడ వదిలేసి ఇంటికి వెళ్లడం ఆమె వల్ల కాలేదు. "చిత్తు అచ్చంగా ఒక్కచోటే పడుతుందాండీ?" అని అడిగింది. "ఆ తొడుగు వేరేవాళ్లు వేసుకుంటే?"

"వేసుకున్నవాళ్ల చిత్తులో పడుతుంది. ఎందుకు?"

ఆమె అత్తగారి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "పొద్దున్నే గుడ్డ బిర్రుగా ఉంటుందండి. అత్తయ్య చేతికి నొప్పి పుడుతుందని, ముందు నేను తొడుక్కుని మెత్తబరుస్తాను. అలాగే ఖాళీ పంటును అవతలి రేవు దాకా తోలి తిప్పుకొస్తాను. ఖాళీ ట్రిప్పు ఎవరైనా తోలొచ్చు గదా. నాలుగేళ్లుగా రోజూ అంతే."

వరహాలరావు కుర్చీలోంచి సగం లేచాడు. "మీ సంపుటి బూజు కూడా దులిపేశారా?"

"లేదండి. ఇంట్లో అందరివీ అయ్యాకే నాది. ఏ ఏడూ నా వంతు దాకా రాదు."

"అమ్మా తల్లీ! రాకపోవడమే మంచిదైంది!" అని ఆయన బల్ల మీద గట్టిగా చరిచాడు.

హిమజ పలక మీద వేలు పెట్టింది. దాచినవి చూపించమంది. బూడిద రంగు పేర్ల వరుస తెర మీదికి వచ్చింది. నిన్న ఇలాంటి వరుసనే చూసి, చెత్త అనుకుని ఊడ్చేసింది. ఇప్పుడు ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చదువుకుంది. వంటింటి చీటీ, మంచం చీటీ, సాపు, దాని కింద చిత్తు. ఆ చిత్తు తెరిస్తే లోపల ఊతచేయి పేరుతో వెయ్యికి పైగా ఉదయాలున్నాయి. వరహాలరావు ఒక ఉదయాన్ని ఎంచుకుని, బల్ల మీద పరిచిన ఖాళీ తొడుగులోకి పంపించాడు.

తొడుగు లేచింది. చుక్కాని పట్టు పట్టింది. మెల్లగా కుడికి తిరిగి, కాసేపు ఆగి, మణికట్టు దగ్గర ఎడమకు రెండుసార్లు చిన్నగా విరిచి, మళ్లీ నిదానించింది.

నూకరత్నం కళ్లప్పగించి చూసింది. "అది గోరింకమేట దగ్గర నేను విరిచే విరుపు. పక్షవాతం వచ్చాక కనిపెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నీకెవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదత్తయ్యా. ముందురోజు మీరు తిప్పినట్టే తొడుగు తిప్పేది. దాంతోపాటు నేనూ తిప్పేదాన్ని."

"యంత్రానికి అత్తాకోడళ్లు తెలీదండి," అన్నాడు వరహాలరావు. "ఆ చేతి పని ఈ చేతికి అంటిందని దానికి పట్టలేదు. మీ ఇద్దరి ఒప్పుకోలు ఉంటే ఇవి వీరి సంపుటిలోకి ఎక్కిస్తాను. కానీ ఒక సంగతి. ఇందులో ఉన్నవన్నీ ఖాళీ ట్రిప్పులే. జనం బరువు దీనికి తెలీదు."

"బరువు సంగతి నేను చూసుకుంటాను, ఎక్కించండి," అంది నూకరత్నం. సాయంత్రం ఇంటికి చేరేసరికి తలుపు ఇంకా పేరు అడుగుతూనే ఉంది. ఆవిడ ఈసారి విసుక్కోకుండా చెప్పింది.

మర్నాడు పది గంటలకు పంటు నిండిపోయింది. నలభై మంది మనుషులు, ఏడు మోటారు సైకిళ్లు, అరటి గెలలు, కోటిపాడు పశువుల ఆసుపత్రికి వెళ్తున్న ఒక గేదె. లంకంతా సంగతి పాకిపోయింది, అవసరం లేనివాళ్లు కూడా ఎక్కారు. పరీక్షాధికారి ప్రభావతి కొలతపలక పట్టుకుని చుక్కాని పక్కన నిలబడింది. ముక్కుసూటి మనిషని ఆమెకు పేరు. హిమజ రెండడుగుల దూరంలో, అత్తగారి నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది.

పంటు రేవు వదిలింది. ఊతచేయి చక్కగా తిరిగింది. నూకరత్నం మొహంలో నాలుగేళ్ల కిందటి ధీమా కనిపించింది. సగం ఏరు దాటాక, గోరింకమేట ముందు, నీరు పంటును పక్కకు లాగింది. తొడుగు తనకు తెలిసినట్టే రెండుసార్లు విరిచింది. ఖాళీ పంటుకైతే ఆ విరుపు సరిపోయేది. నిండు పంటు లొంగలేదు. ముందు భాగం మేట వైపు తిరగసాగింది. గేదె బెదిరి అరిచింది. నూకరత్నం భుజమంతా పెట్టి నెట్టింది, చెయ్యి మాట వినలేదు. 

జనం ఎక్కిన పంటు చుక్కాని మీద సరంగు తప్ప మరొకరు చెయ్యి వేయకూడదు. గువ్వలలంకలో అది పసిపిల్లలకు కూడా తెలుసు. హిమజ సీసా వదిలేసి ముందుకు దూకింది. అత్తగారి చేతి మీద తన చెయ్యి వేసి నొక్కింది.

నూకరత్నం చటుక్కున తల తిప్పి చూసింది. నోటి దాకా తిట్టు వచ్చింది. కానీ చేతి కింద ఆవిడకు తెలిసిన విరుపే తగిలింది, తను మరిచిపోయిన బలంతో. ఆ తిట్టు అక్కడే ఆగిపోయింది.

"ఇంకా తిప్పు," అంది. "ఇంకా… ఇంకా… చాలు, ఆపు! ఇప్పుడు కాస్త వదులు. నీళ్లు నెడతాయి, నువ్వు నెట్టకు."

పంటు మేటను మూరెడు దూరంలో తప్పించుకుంది. అక్కడినుంచి రేవు దాకా ఆ ఇద్దరి చేతులూ విడిపడలేదు. అత్తగారు నీటిని చదువుతూ చెప్పింది, కోడలు బలం ఇచ్చింది. పంటు రేవుకు ఎంత మెత్తగా ఆనిందంటే, కళ్లు మూసుకున్న ముసలాయన ఒకడు ఇంకా ఎంత దూరమని అడిగాడు. జనం ఒక్క పెట్టున ఈలలు వేశారు.

ప్రభావతి నవ్వలేదు. "నూకరత్నంగారూ, చుక్కాని మీద సరంగు చెయ్యే ఉండాలని నిబంధన."

"నా చెయ్యి ఉందిగా. తీసానా ఎక్కడైనా?"

ప్రభావతి కొలతపలక చూసుకుంది. రెండు చేతులు తిప్పితే రెండు గీతలు రావాలి. తెర మీద ఒకటే గీత ఉంది, వంపుల్లో ఎక్కడా అతుకు లేదు. గీత కింద 'సరంగు' అన్న చోట పలక ముందు నూకరత్నం పేరు చూపించింది, తర్వాత హిమజ పేరు, మళ్లీ నూకరత్నం పేరు. ఆమె పలకను రెండుసార్లు తట్టింది. అది తేల్చుకోలేకపోయింది. మనిషికొక సంపుటి అని రాసినవాళ్లు, ఒకరి చేతివాటం మరొకరిలో ఇలా ఇంకిపోతుందని ఊహించలేదు. దానికి ఫారంలో గడి కూడా పెట్టలేదు.

"పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇంత మెత్తగా ఆనిన పంటును చూడలేదు," అంది ప్రభావతి. "పరీక్ష నెగ్గారు. ఎవరి పేరు రాయమంటారో చెప్పండి. ఇక్కడ ఒక్క పేరుకే చోటుంది."

హిమజ వెంటనే, "అత్తయ్య పేరేనండి," అంది.

"నువ్వుండవే," అంది నూకరత్నం. "నా పేరు పాత లైసెన్సు మీద ఉండనే ఉంది, అది చెరపక్కర్లేదు. దాని పక్కన ఖాళీలో ఈవిడ పేరు చేత్తో రాయండి. సంగాడి హిమజ. సరంగు అని కూడా రాయండి."

ప్రభావతి పలక సంచిలో పెట్టేసి, కలం తీసి రాసింది. వెనక జనంలో అప్పటికే గోల మొదలైంది. కుట్టుపని చేసే సోమేశ్వరం, చనిపోయిన తన గురువు కత్తెర వాటం తన చిత్తులో ఉంటుందా అని పక్కవాళ్లను అడుగుతున్నాడు. మా అక్క పక్కన కూర్చునే నేను వంట నేర్చుకున్నాను, ఆవిడ నా దాంట్లో ఉండి తీరుతుందని ఒకామె వాదిస్తోంది. ఇకమీదట బూజుకర్ర అటకకే పరిమితమని ఇంకొకామె ఒట్టు పెట్టుకుంది. వాళ్లలో సగం మంది పంటు దిగి నేరుగా వరహాలరావు దగ్గరికే దారి తీశారు.

హిమజకు ఇవేవీ వినిపించడం లేదు. ఆమె లైసెన్సు మీద తడి ఆరని తన పేరును చూస్తోంది. తొమ్మిదేళ్ల కాపురంలో అత్తగారు ఆమెను ఏనాడూ జనం ఉన్న పంటు చుక్కాని దగ్గరికి రానివ్వలేదు. నీకు గోదారి తెలీదులే అనేది.

తిరుగు ట్రిప్పుకు జనం ఎక్కారు. పంటు మళ్లీ నిండింది. హిమజ అలవాటుగా అత్తగారికి ఊతచేయి సరిచేయబోయింది. నూకరత్నం వద్దంటూ చెయ్యి వెనక్కి తీసుకుంది. పమిట దోపుకుని, రేవు మెట్ల మీదికి దిగి, టీ కొట్టు వైపు నడిచింది.

"అత్తయ్యా, ఎక్కడికి? టైమైంది!"

"నాకు టీ తాగాలనుంది," అంది నూకరత్నం, వెనక్కి తిరక్కుండానే. "నువ్వు తోలుకుపో."